జర్మనీలో అద్దె ఇల్లు: సంతకం పెట్టేముందు ఖాళీ చేసే షరతు చదవండి

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకోవడం మనకు అలవాటైన పని. టులెట్ బోర్డు చూస్తాం, ఓనరుతో మాట్లాడతాం, రెండు మూడు నెలల అడ్వాన్సు ఇస్తాం, స్టాంపు పేపరు మీద పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకుంటాం. రిజిస్ట్రేషన్ గొడవ ఉండదన్న నమ్మకంతోనే ఆ పదకొండు. ఆ కాగితాన్ని ఎవరూ పట్టుమని పది నిమిషాలు చదవరు. తేడా వస్తే కూర్చుని మాట్లాడుకోవచ్చులే అన్న ధీమా.

జర్మనీకి వచ్చిన మనవాళ్లను ఇబ్బంది పెట్టేది ఈ ధీమానే. ఇక్కడ అగ్రిమెంటును మీట్‌ఫెర్‌ట్రాగ్ అంటారు. జర్మన్‌లో పది, పదిహేను పేజీలుంటుంది. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇద్దరి సంతకాలు పడితే చాలు. ఇల్లు చూసి సంతకం పెట్టాక మనసు మారిందంటే కుదరదు. చట్టం అద్దెకుండేవాళ్ల పక్షాన గట్టిగా నిలబడే దేశమిది. సరైన కారణం లేకుండా ఓనరు మిమ్మల్ని పొమ్మనలేరు, ఇల్లు అమ్మేసినా మీ అగ్రిమెంటు కొత్త ఓనరుకు బదిలీ అవుతుంది. లోపలికొచ్చినవాళ్లను కదపడం కష్టమని ఓనర్లకూ తెలుసు. అందుకే గుమ్మం దగ్గరే వడపోస్తారు.

చాలామంది అద్దె ఎంతో చూసుకుని, అది జీతానికి సరిపోతే సంతకం పెట్టేస్తారు. నన్నడిగితే అద్దె కన్నా ముందు చూడాల్సింది ఖాళీ చేసే షరతు. ఉద్యోగం మారొచ్చు, ఊరు మారొచ్చు, వీసా తిరకాసు పెట్టొచ్చు, ఇంటి దగ్గర అమ్మానాన్నలకు ఒంట్లో బాగోలేక తిరిగి వెళ్లాల్సి రావచ్చు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు లేని అనిశ్చితి మనకుంది. దాన్ని దృష్టిలో పెట్టుకుని ఒక్కో అడుగూ వేయండి.

మొదటి అడుగు: విమానం ఎక్కకముందు పెద్ద అగ్రిమెంటు జోలికి వెళ్లొద్దు

మాదాపూర్‌లో కూర్చుని మ్యూనిక్ ఫ్లాటుకు ఫొటోలు చూసి డబ్బు పంపడమంత పొరపాటు ఇంకోటి లేదు. మోసగాళ్ల కథ దాదాపు ఎప్పుడూ ఒకటే. ఊరి నడిబొడ్డున అందమైన ఇల్లు, నమ్మలేనంత తక్కువ అద్దె. ఓనరేమో వేరే దేశంలో ఉద్యోగం చేస్తుంటారు. మీరు డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయంటారు, నమ్మకం కోసం పాస్‌పోర్టు కాపీ కూడా పంపుతారు. ఆ కాపీ ఇంకెవరో మోసపోయినవాళ్లది. ఇల్లు చూడకుండా, అగ్రిమెంటు మీద సంతకాలు కాకుండా ఒక్క యూరో పంపొద్దు.

మొదటి రెండు మూడు నెలలకు సామానుతో ఉన్న తాత్కాలిక ఇల్లు తీసుకోండి. అద్దె కాస్త ఎక్కువే, ఫర్వాలేదు. అయితే ఆ చిరునామా మీద ఆన్‌మెల్డుంగ్, అంటే మున్సిపల్ ఆఫీసులో నివాస నమోదు, చేసుకోనిస్తారా అని ముందే మెయిల్‌లో అడిగి జవాబు తీసుకోండి. అది కుదరదన్న ఇంట్లో నెలల తరబడి ఉంటే పన్ను నంబరు దగ్గర్నుంచి నివాస అనుమతి కార్డు దాకా అన్నీ ఆగిపోతాయి. విద్యార్థులైతే అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే ష్టుడీరెండెన్‌వెర్క్, అంటే విద్యార్థి సేవల సంస్థ, నడిపే హాస్టల్‌కు దరఖాస్తు పెట్టేయండి. పెద్ద ఊళ్లలో ఆ క్యూ చాలా పొడవు.

రెండో అడుగు: ఫైలు సిద్ధం చేసుకోండి

ఇక్కడి ఓనరు మాంసం తింటారా, మీరెవరు అని అడగరు. జీతం ఎంతో అడుగుతారు. చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, ఉద్యోగ ఒప్పందం, పాస్‌పోర్టు, వీసా కాపీ, మీ వివరాలు నింపిన ఫారం, పాత ఓనరు దగ్గర అద్దె బాకీ లేదన్న కాగితం, వీటితో పాటు షూఫా రిపోర్టు కావాలి. షూఫా అంటే మన సిబిల్ లాంటిది. కొత్తగా వచ్చినవాళ్ల పేరు మీద అందులో ఏమీ ఉండదు, ఆ సంగతే చెప్పి బదులుగా ఉద్యోగ ఒప్పందం చూపించండి. జీతం స్లిప్పులు ఇంకా రాకపోతే కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఒక లెటరు తెచ్చుకుంటే మేలు.

నెల అద్దె చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదన్నది ఇక్కడి ఓనర్లు ఎక్కువగా వేసే లెక్క. విద్యార్థులు బ్లాక్డ్ అకౌంటు కాగితం చూపిస్తారు. వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా అది. అందులో ఏడాదికి 11,904 యూరోలు, నెలకు విడుదలయ్యేది 992. మ్యూనిక్‌లో ఒక గది అద్దే అందులో ఎంత మింగేస్తుందో ముందే లెక్క చూసుకోండి.

బ్రోకర్ ఫీజు గురించి ఒక మాట. 2015 జూన్ 1 నుంచి బ్రోకర్‌ను పెట్టుకున్నవాళ్లే ఫీజు కట్టాలి. ఓనరు పెట్టుకున్న బ్రోకర్ మిమ్మల్ని కమీషన్ అడిగితే ఇవ్వక్కర్లేదు.

మూడో అడుగు: ప్రకటనను మన లెక్కలో చదవొద్దు

రెండు ట్సిమ్మర్, అంటే రెండు గదులు, అని ఉంటే టూ బీహెచ్‌కే అనుకోకండి. హాలు కూడా లెక్కలోకి వస్తుంది, వంటగదీ బాత్రూమూ రావు. అంటే అది మన సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు.

వంటగది అనగానే ఇంకో సంగతి. చాలా ఇళ్లలో వంటగది అంటే నాలుగు గోడలు, రెండు పైపులు, ఒక ప్లగ్గు. స్టవ్వు లేదు, సింకు లేదు, అలమరా లేదు. పాత అద్దెదారు వాళ్ల వంటింటిని విప్పుకుని తీసుకెళ్లిపోతారు. ప్రకటనలో ఐన్‌బౌక్యూషె అని ఉంటేనే అమర్చిన వంటిల్లు ఉన్నట్టు. కొన్నిసార్లు పాత అద్దెదారు నా వంటిల్లు మీరే కొనుక్కోండి అంటారు, ఆ సొమ్మును ఆబ్‌లోజె అంటారు. దీన్ని మాత్రం మన పద్ధతిలో బేరమాడొచ్చు. పదేళ్ల కిందటి స్టవ్వుకు కొత్తదాని ధర కట్టే పనిలేదు.

అద్దెకు రెండు అంకెలుంటాయి. ఒట్టి ఇంటి అద్దె కాల్ట్‌మీటె. దానికి నేబెన్‌కోస్టెన్ కలిపితే వార్మ్‌మీటె. నేబెన్‌కోస్టెన్ అంటే నీళ్లు, చెత్త, మెట్లు కడగడం, లిఫ్టు, చాలాచోట్ల హీటర్ ఖర్చు. మన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లాంటిదే, కాకపోతే ఇది అంచనా మీద ముందే కట్టే సొమ్ము. ఏడాదికోసారి అసలు లెక్క వస్తుంది. తక్కువైతే మీరు కట్టాలి, ఎక్కువైతే తిరిగి వస్తుంది. ప్రకటన ఆకర్షణీయంగా కనిపించాలని కొందరు ఈ అంచనాను తగ్గించి రాస్తారు. మరుసటేడు చలికాలం లెక్క వచ్చినప్పుడు గుండె గుభేలుమంటుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడే కిందటేడు నేబెన్‌కోస్టెన్ బిల్లు చూపించమనండి. కరెంటు, ఇంటర్నెట్ మాత్రం సాధారణంగా ఇందులో ఉండవు. అవి విడిగా మీ పేరు మీద తీసుకోవాలి.

నాలుగో అడుగు: బయటపడే దారి

అగ్రిమెంటు చేతికొచ్చాక మొదట దాని కాలపరిమితి పేజీ తిప్పండి. మూడు రకాల్లో ఒకటి కనిపిస్తుంది.

మొదటి రకం గడువు లేని అగ్రిమెంటు. మనకు మంచిది ఇదే. మీరు ఎప్పుడైనా మూడు నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఓనరు చెప్పాలంటే మాత్రం కారణం కావాలి. ఎక్కువగా వినిపించేది ఐగెన్‌బెడార్ఫ్, అంటే ఇల్లు తమకో తమ కుటుంబానికో కావాలనడం. పైగా మీరు ఐదేళ్లు దాటి ఉంటే ఓనరు ఆరు నెలలు, ఎనిమిదేళ్లు దాటితే తొమ్మిది నెలలు నోటీసివ్వాలి. మీ నోటీసు మాత్రం ఎన్నేళ్లయినా మూడు నెలలే.

రెండో రకం గడువున్న అగ్రిమెంటు. రెండేళ్లని రాస్తే రెండేళ్లూ ఇద్దరూ కట్టుబడాలి, మధ్యలో మామూలు నోటీసు చెల్లదు. ఇలా గడువు పెట్టడానికి చట్టం ఒప్పుకునే కారణాలు కొన్నే. ఓనరు కుటుంబం వచ్చి ఉండబోతోందనో, పెద్ద ఎత్తున రిపేర్లు చేయబోతున్నారనో అగ్రిమెంటు సమయంలోనే రాతలో చెప్పాలి. కారణం లేకుండా ఊరికే గడువు రాస్తే అది గడువు లేని అగ్రిమెంటు కిందే లెక్క. సామానుతో తాత్కాలికంగా ఇచ్చే ఇళ్లకు మాత్రం ఈ రక్షణ వర్తించకపోవచ్చు.

మూడోది చూడటానికి మొదటి రకంలాగే ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇందులోనే. పైన గడువు లేదని ఉంటుంది, కిందెక్కడో క్యుండిగుంగ్స్‌ఫెర్‌ట్సిష్ట్ అనో మిండెస్ట్‌మీట్‌డావర్ అనో ఒక పేరా ఉంటుంది. ఇన్నేళ్లు నోటీసు ఇవ్వనని ఇద్దరూ మాటిచ్చుకోవడమన్నమాట. ఇది నాలుగేళ్ల దాకా చెల్లుతుంది. బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు బదిలీ అయ్యారన్న కారణం సాధారణంగా పనికిరాదు. అగ్రిమెంటు పీడీఎఫ్ అయితే ఈ రెండు మాటల కోసం వెతకండి, కాగితమైతే వేలు పెట్టి చదవండి. ఒక ఏడాదికైతే ఆలోచించొచ్చు. అంతకు మించి అడిగితే, కొత్త అద్దెదారును చూపిస్తే ముందే వెళ్లనిచ్చే వాక్యం ఒకటి చేర్చమనండి. రాతలో ఉంటేనే సుమా. ముగ్గురిని చూపిస్తే ఓనరు వదిలిపెట్టి తీరాలని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటకు చట్టంలో ఆధారం లేదు.

ఐదో అడుగు: డబ్బు రాసిన పేరాలు

డిపాజిట్‌ను కౌట్సియోన్ అంటారు. గరిష్ఠంగా మూడు నెలల కాల్ట్‌మీటె, వార్మ్‌మీటె కాదు. ఉదాహరణకు కాల్ట్‌మీటె 900, నేబెన్‌కోస్టెన్ 250 అయితే నెలనెలా మీరు కట్టేది 1,150. డిపాజిట్ మాత్రం 2,700 దాటకూడదు. దాన్ని మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. మొదటి 900 అద్దె మొదలైనప్పుడు, మిగతావి తర్వాతి రెండు నెలల అద్దెలతో పాటు. ఓనరు ఆ డబ్బును సొంత డబ్బుతో కలపకుండా విడిగా బ్యాంకులో ఉంచాలి, వడ్డీ మీదే. నగదుగా ఇవ్వొద్దు. ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు దేనికోసమో రాయండి.

అద్దె పెంపు పేరా చూడండి. ష్టాఫెల్‌మీటె అని ఉంటే ఏ ఏడాది ఎంత పెరుగుతుందో అంకెలతో సహా రాసి ఉంటుంది. ఇండెక్స్‌మీటె అని ఉంటే ధరల సూచీతో పాటు పెరుగుతుంది. ధరలు మండే కాలంలో ఇది చేదు అనుభవం. ఈ రెండూ లేకపోతే ఓనరు చుట్టుపక్కల అద్దెల స్థాయి వరకే పెంచగలరు, అదీ మూడేళ్లలో 20 శాతానికి మించకుండా. ఇళ్ల కొరత ఉన్న ఊళ్లలో ఆ హద్దు 15 శాతం.

చిన్న రిపేర్ల పేరా దాదాపు ప్రతి అగ్రిమెంటులో ఉంటుంది. కుళాయి, స్విచ్చు, కిటికీ పిడి వంటివి. ఒక్కో రిపేరుకు ఎంత వరకు, ఏడాదికి మొత్తం ఎంత వరకు అని రెండు హద్దులూ రాసి ఉండాలి. ఒక్కోదానికి వంద యూరోలు, కాస్త అటూ ఇటూ అయితే మామూలే. హద్దు రాయకుండా రిపేర్లన్నీ మీవే అంటే ఆ పేరా నిలవదు.

పేర్ల విషయంలో మనకు ప్రత్యేకమైన చిక్కుంది. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట, ఆఫీసు కాగితాల్లో ఇంకోచోట, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ. అగ్రిమెంటులో పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. భార్యాభర్తలిద్దరూ సంతకం చేస్తే అద్దె బాధ్యత ఇద్దరిదీ, ఖాళీ చేసే నోటీసు మీద కూడా ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఒకరే చేసి, రెండో వాళ్లు తర్వాత ఇండియా నుంచి వస్తే అనుమతి అక్కర్లేదు. ఓనరుకు తెలియజేస్తే సరిపోతుంది.

జర్మన్ రాకపోతే ఫోన్లో అనువాదం పెట్టి ఒక అవగాహనకు రండి, ఆపైన మీటర్‌ఫెరైన్‌కు వెళ్లండి. అద్దెదారుల సంఘం అన్నమాట, పెద్ద ఊళ్లన్నిటిలో ఉంది. ఏడాది చందా కడితే వాళ్ల లాయర్లు సలహా ఇస్తారు. గొడవ వచ్చాక చేరడం కన్నా ముందే చేరడం నయం, ఎందుకంటే కోర్టు ఖర్చుల బీమాకు సాధారణంగా కొన్ని నెలలు ఆగాలి.

ఆరో అడుగు: తాళాలు తీసుకునే రోజు తొందరపడొద్దు

ఆ రోజు యూబర్‌గాబెప్రోటోకోల్ అనే కాగితం రాస్తారు. ఇల్లు ఏ స్థితిలో చేతికొచ్చిందో చెప్పే సాక్ష్యం అదే. రెండేళ్ల తర్వాత మీ డిపాజిట్ ఎంత తిరిగొస్తుందో చాలావరకు ఇవాళే తేలిపోతుంది. పగటిపూట పెట్టించుకోండి. ప్రతి కిటికీ తెరిచి మూయండి. కుళాయిలు తిప్పి వేడినీళ్లు వస్తున్నాయో లేదో, షవర్ నీళ్లు నిలవకుండా పోతున్నాయో లేదో చూడండి. స్టవ్వు నాలుగు పొయ్యిలూ వెలిగించండి. చెక్క నేల మీద గీతలు, బాత్రూమ్ టైల్సులో పగుళ్లు, కిటికీ మూలల్లో నల్లటి బూజు, గోడకున్న మేకు రంధ్రాలు అన్నీ రాయించండి, ఫొటోలు తీయండి. కరెంటు, నీళ్లు, హీటర్ మీటర్ల అంకెలు కాగితం మీద ఉండాలి, ఫొటోలో మీటర్ నంబరు కూడా కనబడాలి. ఎన్ని తాళాలిచ్చారో లెక్క రాయండి. ఒక్కటి పోయినా కొన్నిచోట్ల బిల్డింగ్ తాళాలన్నీ మార్చాల్సి వస్తుంది. మనవల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే హాఫ్ట్‌ఫ్లిష్ట్ బీమాలో తాళం పోవడం కూడా కలిసి ఉండేలా తీసుకోండి.

గోడలకు రంగు లేకుండా, పాత మరకలతో ఇల్లిచ్చారా? అది తప్పకుండా రాయించండి. అలా ఇచ్చిన ఇంటికి వెళ్లేటప్పుడు రంగు వేయించే బాధ్యతను అద్దెదారు మీద ఊరికే వేయలేరని జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు 2015 మార్చిలో తేల్చింది.

తాళాలు మీ చేతికొచ్చాక ఆ ఇంటి మీద పూర్తి హక్కు మీదే. ఓనరు మీ అనుమతి లేకుండా ఒక తాళం తమ దగ్గర ఉంచుకోకూడదు, చెప్పకుండా లోపలికి రాకూడదు. ఆదివారం పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోయడానికొచ్చి హాల్లో తొంగిచూసే ఓనర్ల మధ్య పెరిగినవాళ్లకు ఇది కాస్త విడ్డూరమే.

ఏడో అడుగు: మొదటి రెండు వారాలు

మొట్టమొదట పోస్టు డబ్బా మీద, కాలింగ్ బెల్ పక్కన మీ పేరు అంటించండి. పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. పన్ను నంబరు, బ్యాంకు కార్డు, ఆరోగ్య బీమా కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి.

ఓనరు దగ్గర వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ తీసుకోండి. మీరు ఫలానా తేదీన ఇంట్లో దిగారని వాళ్లు సంతకం చేసిచ్చే ఒక్క పేజీ కాగితం. ఇది ఇవ్వడం వాళ్ల బాధ్యత. దాంతో, దిగిన రెండు వారాల్లో బ్యుర్గర్‌ఆమ్ట్‌లో, అంటే ముందు చెప్పిన మున్సిపల్ ఆఫీసులో, నమోదు చేసుకోవాలి. అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి ఇల్లు ఖాయమైన రోజే బుక్ చేయండి. నమోదయ్యాక టీవీ, రేడియో రుసుము ఉత్తరం వస్తుంది, నెలకు 18.36 యూరోలు. టీవీ లేదన్నా తప్పదు. ఇంటికి ఒక్కటే కడితే చాలు కాబట్టి నలుగురు కలిసుంటే పంచుకోండి.

ఎనిమిదో అడుగు: పోపు, మిక్సీ, కిటికీలు

అగ్రిమెంటు వెనక హౌస్‌ఆర్డ్‌నుంగ్ అని బిల్డింగ్ నియమాల కాగితం జతచేసి ఉంటుంది, సంతకం దానికీ వర్తిస్తుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. ఇడ్లీ పిండి శనివారం సాయంత్రమే రుబ్బేసుకోండి. ఆదివారం పొద్దున కొబ్బరి పచ్చడికి మిక్సీ తిప్పితే కింది ఇంటివాళ్లు బెల్లు కొట్టకపోవచ్చు, నేరుగా ఓనరుకు ఉత్తరం రాస్తారు.

పోపు వాసన కన్నా పెద్ద సమస్య తేమ. రైస్ కుక్కర్ ఆవిరి, పప్పు కుక్కర్ విజిళ్లు, గదిలో ఆరేసిన బట్టలు, చలికి బిగించిన కిటికీలు, అన్నీ కలిస్తే మూలల్లో బూజు పడుతుంది. అప్పుడు తప్పు గోడదా మీదా అన్న వాదన మొదలవుతుంది. రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలుంచి మూసేయండి, వంట అయ్యాక మరోసారి. అయినా బూజు కనిపిస్తే ఆ రోజే ఫొటో తీసి ఓనరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా ఉండి నష్టం పెరిగితే అది మీ ఖాతాలో పడుతుంది.

అద్దె నెలలో మూడో పనిదినం లోపు చేరాలి. రెండు నెలల అద్దె బాకీ పడితే ఓనరు వెంటనే ఖాళీ చేయమనొచ్చు. సెలవులకు ఇండియా వెళ్లేవాళ్లు బ్యాంకులో స్టాండింగ్ ఆర్డర్ పెట్టుకుని వెళ్లండి.

చివరి అడుగు: ఖాళీ చేయడం

నోటీసు కాగితం మీద, చేతి సంతకంతో ఉండాలి. వాట్సాప్, ఈమెయిల్ చెల్లవు. అది నెలలో మూడో పనిదినం లోపు ఓనరు చేతికి చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. మార్చి మూడో పనిదినానికి చేరిందా, మే 31తో ముగుస్తుంది. మార్చి పదో తేదీన చేరిందా, జూన్ అద్దె కూడా కట్టాలి. పోస్టు ఆలస్యానికి బాధ్యత మీదే కాబట్టి వారం ముందే పంపండి, లేదా ఒక స్నేహితుణ్ని సాక్షిగా తీసుకెళ్లి ఓనరు పోస్టు డబ్బాలో వేయండి.

తాళాలిచ్చే రోజు మళ్లీ ప్రోటోకోల్ రాయిస్తారు. అందులో మీకు ఒప్పుదల లేని వాక్యం ఉంటే సంతకం పెట్టక్కర్లేదు. డిపాజిట్ ఆ రోజే చేతికి రాదు. లెక్కలు చూసుకోవడానికి ఓనరుకు కొన్ని నెలల సమయం ఉంటుంది, ఆరు నెలల దాకా పట్టడం మామూలే. ఆ ఏడాది నేబెన్‌కోస్టెన్ లెక్క ఇంకా రాలేదని కొంత సొమ్ము ఆపి ఉంచొచ్చు కూడా. ఆ లెక్క మాత్రం ఏడాది ముగిసిన పన్నెండు నెలల్లోపు పంపాలి, గడువు దాటాక అదనంగా అడిగే హక్కు సాధారణంగా పోతుంది. ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్నా డిపాజిట్ అందేదాకా జర్మనీ బ్యాంకు ఖాతా మూసేయొద్దు. కొత్త చిరునామా, మెయిల్, ఖాతా నంబరు ఓనరుకు రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.